యూల్ బాలూ, కోఠీ రెసిడెన్సీ, మన పరదాలూ

మా శంషాబాద్ వైపు ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో (పేరెందుకు లెండి) పెద్ద క్లాసుల పిల్లలు డిసెంబర్లో "యూల్ బాల్" చేసుకుంటాం అని అడిగారట. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు రెండు ముక్కలైంది. "ఇది మన సంస్కృతి కాదు" అని ఒక వర్గం, "గ్లోబల్ ఎక్స్‌పోజర్" అని ఇంకో వర్గం. ఆ గ్రూపులో ఉన్న మా కొలీగ్ లంచ్ టైములో ఈ కథంతా చెప్పాడు. పిల్లల సంగతి వాళ్ళ పెద్దలు చూసుకుంటారు. నాకు మాత్రం ఆ "మన సంస్కృతి కాదు" అన్న మాట దగ్గర దురద పుట్టింది. ఎందుకంటే బాల్ డాన్స్ హైదరాబాద్‌కి నిన్న మొన్న దిగిన వింత కాదు.

హ్యారీ పాటర్ చదవని వాళ్ళ కోసం రెండు ముక్కలు. 2000లో వచ్చిన నాలుగో పుస్తకంలో, హాగ్‌వర్ట్స్ అనే మాయల బడిలో క్రిస్మస్ రాత్రి జరిగే డాన్స్ పేరు యూల్ బాల్. నాలుగో ఏడాది నుంచి పైవాళ్ళకే ప్రవేశం, చిన్నవాళ్ళు ఎవరైనా పిలిస్తేనే రావాలి. హ్యారీ మన పార్వతీ పాటిల్‌ని తీసుకెళ్ళి, ఒక్క డాన్స్ చేసి, ఆ పిల్లని పట్టించుకోకుండా కూర్చుంటాడు. ఆవిడ అక్కచెల్లెలు పద్మకి రాన్‌తో అదే గతి. 2005లో సినిమా చూసినప్పుడు థియేటర్లో నాకు ఒళ్ళు మండింది, అది వేరే కథ :)

యూల్ అంటే ఉత్తర యూరప్ వాళ్ళ పాత చలికాలపు పండగ పేరు, తర్వాత క్రిస్మస్‌లో కలిసిపోయింది. అన్నట్టు, 1860 దశకంలో మన హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంట్‌గా పనిచేసిన ఒకాయన పేరు జార్జ్ యూల్! హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు చేసిన హెన్రీ యూల్ ఈయన సొంత తమ్ముడే అని చెప్తే చాలు. అంటే యూల్ గారు డాన్స్ పార్టీ ఇచ్చి ఉంటే అది అక్షరాలా యూల్ బాలే.

ఆ రెసిడెంట్లు ఉండే ఇల్లే కోఠీ. 1798లో రెసిడెంట్‌గా వచ్చిన జేమ్స్ అకిలిస్ కర్క్‌పాట్రిక్ దాన్ని 1803 ప్రాంతంలో మొదలుపెట్టాడు. నమూనా గీసింది మద్రాస్ ఇంజనీర్స్‌లో పనిచేసే శామ్యూల్ రస్సెల్. ఖర్చు నిజాం ఖజానాది. పెద్ద పెద్ద స్తంభాలు, ముందు రెండు సింహాలు, లోపల పై అంతస్తు నుంచి చూడ్డానికి గ్యాలరీ ఉన్న దర్బారు హాలు. విందులూ వినోదాలూ ఆ భవనంలోనే.

ఇక్కడొక తిరకాసుంది. ఆ తొలి రోజుల్లో ఇంగ్లీషు దొరలు డాన్స్ చేయడం కన్నా చూడ్డమే ఎక్కువ. మన మేజువాణీలకి వాళ్ళూ బుద్ధిగా వచ్చి కూర్చునేవాళ్ళు. మహాలఖా బాయి చందా అని నిజాం దర్బారులో గొప్ప నర్తకి, కవయిత్రి. 1799లో తన ఉర్దూ గజళ్ళ ప్రతిని జాన్ మాల్కం అనే అధికారికి బహూకరించింది. మాల్కం అప్పట్లో కర్క్‌పాట్రిక్‌కి సహాయకుడిగా పనిచేసినవాడు. ఆ ప్రతి లండన్ చేరింది. ఆవిడ సమాధి మౌలాలి గుట్ట కింద ఉంది.

తర్వాత మెమ్‌సాహిబులు ఓడల్లో దిగారు, 1857 అయ్యింది, దొరలకీ మనకీ మధ్య గోడ లేచింది. మేజువాణీ చూడ్డం అసభ్యం అయిపోయింది. వాళ్ళ సొంత బాల్‌లు మాత్రం సభ్యం. ఆ వాల్ట్జ్‌ని చూసి 1816లో లండన్ టైమ్స్ పత్రికే "ఛీ ఛీ, ఆడామగా ఇంత దగ్గరగానా" అన్న ధోరణిలో చివాట్లు పెట్టింది. పరాయి దేశం నుంచి వచ్చిన అసభ్య నృత్యం అని వాళ్ళూ అనుకున్నారన్నమాట. మన వాట్సాప్ గ్రూపుకి రెండొందల ఏళ్ళ క్రితమే పేటెంట్ ఉంది.

1893లో మద్రాసు సంఘ సంస్కర్తలు నాచ్ పార్టీలకి వెళ్ళొద్దని వైస్రాయికీ గవర్నరుకీ అర్జీ పెట్టుకున్నారు. రాజమండ్రిలో వీరేశలింగం గారు అప్పటికే ఈ పోరాటంలో ఉన్నారు. కన్యాశుల్కంలో సౌజన్యారావు పంతులు గారు గుర్తున్నారు కదా, యాంటీ-నాచ్ మనిషి. గురజాడ ఆయన ఎదురుగా మధురవాణిని నిలబెట్టి ఎవరు గొప్పో మనల్నే తేల్చుకోమన్నాడు. ఆ ఉద్యమంలో నిజాయితీ ఉంది, ఆ ఆడవాళ్ళ బతుకుల్లో దోపిడీ నిజం, కాదనను. కానీ ఆ ఊపులో వాళ్ళ విద్య కూడా వీధిన పడింది. నటరాజ రామకృష్ణ గారు దశాబ్దాల తర్వాత ఆ పాత కళావంతుల దగ్గరికే వెళ్ళి అడిగి నేర్చుకుని "ఆంధ్రనాట్యం" అని నిలబెట్టాల్సొచ్చింది.

మన నవాబులు ఇంకో రకం. ఎయిర్‌పోర్ట్ నుంచి పాతబస్తీ వైపు వెళ్తే గుట్ట మీద కనిపించే ఫలక్‌నుమా 1884లో వికార్-ఉల్-ఉమ్రా మొదలుపెట్టింది. ఆయన పైగా వంశం. ఆ వంశపు బిరుదు శమ్స్-ఉల్-ఉమ్రా మీదుగానే మన శంషాబాద్‌కి ఆ పేరొచ్చిందంటారు. ఆ ప్యాలెస్‌లో 101 మంది కూర్చునే భోజనాల బల్లా ఉంది, బాల్ రూమూ ఉంది. బాల్ రూమ్ అయితే కట్టారు గానీ ఇంటి ఆడవాళ్ళు పరదాలో! 1906లో వేల్స్ యువరాజు (తర్వాత అయిదో జార్జి) దిగింది అక్కడే. అతిథుల భార్యలు డాన్స్ చేయొచ్చు, ఆతిథ్యమిచ్చే ఇంటి బేగంలు రాకూడదు. 1931లో నిజాం కోడళ్ళుగా వచ్చిన దుర్రు షెహ్వార్, నీలోఫర్ ముసుగు లేకుండా పార్టీలకి వచ్చేదాకా పెద్దింట్లో ఇదే వరస.

అందుకే నాకు "మన సంస్కృతి" అన్న వాదన ఆనదు. ఆ గ్రూపులో గట్టిగా అరిచిన వాళ్ళలో సగం మంది ఇళ్ళ పెళ్ళిళ్ళలో సంగీత్ ఉంటుంది, దానికి కొరియోగ్రాఫర్ ఉంటాడు. సంగీత్ మన తాతలు చేశారా? నాకున్న అభ్యంతరం వేరే. జంట దొరికితేనే రావాలి అన్న రూలు. పదిహేనేళ్ళ పిల్లని ఎవరూ అడగకపోతే ఆ డిసెంబరంతా ఇంట్లో ఎలా ఉంటుందో ఆలోచించండి. పుస్తకంలో పాటిల్ అక్కచెల్లెళ్ళకి జంట దొరికీ ఏం ఒరిగింది? బతుకమ్మలో జంట గొడవ లేదు, వచ్చినవాళ్ళంతా వలయంలో కలిసిపోవడమే. డాన్స్ పెట్టండి, జంట రూలు తీసేయండి, నేనైతే అదే చెప్తాను.

మళ్ళీ కోఠీకి వస్తే, కర్క్‌పాట్రిక్ పెళ్ళాడింది ఖైరున్నీసా అనే పెద్దింటి పిల్లని. 2002లో డాల్రింపుల్ రాసిన 'వైట్ మొఘల్స్' ఆ కథే. ఆవిడ ఉండేది వెనకవైపు జనానాలో, పేరు రంగ్ మహల్. పరదా వల్ల ముందువైపు రాలేదు కాబట్టి ఆ భవనం ఎలా ఉంటుందో చూపించడానికి తోటలో బొమ్మరిల్లంత చిన్న నమూనా కట్టించాడని చెప్పుకుంటారు. 1805లో పిల్లలిద్దర్నీ ఇంగ్లండ్ పంపేశారు, అదే ఏడాది ఆయన కలకత్తాలో పోయాడు, 1813లో ఆవిడా పోయింది. రంగ్ మహల్‌ని ఆ శతాబ్దంలోనే పడగొట్టేశారు.

ముందువైపు భవనంలోకి మాత్రం 1949లో ఆడపిల్లల కాలేజీ వచ్చింది. ఆ మెట్లెక్కి కొన్ని తరాల అమ్మాయిలు క్లాసులకి వెళ్ళారు. పైకప్పు పెచ్చులూడే స్థితికొస్తే ఈ మధ్యే బాగుచేశారు. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమైంది, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. వెళ్ళాలనుకుంటే ఉస్మానియా మెడికల్ కాలేజీ మెట్రో స్టేషన్లో దిగండి. లోపలికి పర్మిషన్ అడగాలి, పిల్లలు చదువుకునే చోటు కదా. దర్బారు హాలు చూశాక ఆ బొమ్మరిల్లు నమూనా గురించి కూడా అడగండి, అది వెనకవైపు ఉంటుంది.