నైపుణ్య వృత్తుల అప్రెంటిస్‌షిప్ (అమెరికా ఆటో పరిశ్రమ)

అమెరికా కార్ల కర్మాగారాల్లో యునైటెడ్ ఆటో వర్కర్స్ (యూఏడబ్ల్యూ, స్థాపన 1935) సభ్యులకు యంత్రాలను నడిచేలా ఉంచే వృత్తులను నేర్పే శిక్షణ ఇది. ఎలక్ట్రీషియన్, మిల్‌రైట్ (యంత్రాలు బిగించేవారు), పైప్‌ఫిట్టర్, టూల్ అండ్ డై మేకర్ (పనిముట్లు, అచ్చులు చేసేవారు) పనులు దీని కిందికి వస్తాయి.

కంపెనీ, యూనియన్ ప్రతినిధులు కలిసి కూర్చునే ఉమ్మడి కమిటీ శిక్షణను నడుపుతుంది. అసెంబ్లీ లైనులో పనిచేసేవారికి పైకి రావడానికి ఇంతకంటే గట్టి దారి కర్మాగారంలో మరొకటి లేదనే చెప్పాలి. నేర్చుకునే రోజుల్లోనూ జీతం అందుతుంది. గంటలు పూర్తయ్యేకొద్దీ అది పెరుగుతుంది. శిక్షణ సాధారణంగా నాలుగేళ్లు, సుమారు 8,000 గంటల పని. దానితోపాటు లెక్కలు, బ్లూప్రింట్లు చదవడం, విద్యుత్ సర్క్యూట్ల తరగతులు ఉంటాయి. పూర్తిచేసినవారిని జర్నీమన్ అంటారు.

అసలు చదువు యంత్రం దగ్గరే. ఆగిపోయిన ప్రెస్సులో చెయ్యి పెట్టేముందు అప్రెంటిస్ కరెంటు కట్టేసి, స్విచ్చుకు సొంత తాళం, పేరున్న చీటీ తగిలించాలి. కరెంటు నిజంగా లేదని మీటరుతో చూసుకోవాలి. తాళంచెవి అతని జేబులోనే ఉండాలి. పాతకాపు పక్కన నిలబడి ఇదంతా గమనిస్తాడు.

1937 నాటి జాతీయ అప్రెంటిస్‌షిప్ చట్టం ఈ శిక్షణకు ప్రమాణాలు ఏర్పరచే బాధ్యతను కార్మిక శాఖకు అప్పగించింది. అయితే నల్లజాతి కార్మికులకూ మహిళలకూ ఈ వృత్తులు చాలాకాలం అందలేదు. ఆ అన్యాయంలో యాజమాన్యాలతోపాటు యూనియన్‌కూ భాగముంది. ఉమ్మడి కమిటీలు సైతం అప్రెంటిస్‌షిప్‌లో వివక్ష చూపరాదని 1964 పౌర హక్కుల చట్టం శాసించింది.