కాగియు మరుగని నీరు

1682వ సంవత్సరము ఏప్రిలు 12వ తేదీన లండను నగరమున రాయల్ సొసైటీ సభ్యులు కొందరు కలిసి భోజనము చేసిరి. ఆ విందులోని చేపలును మాంసమును డెనిస్ పాపిన్ అను ఫ్రెంచి పండితుడు కల్పించిన మూతబిగింపు ఇనుపపాత్రలలో ఉడికినవే. ఆ పంక్తిలో కూర్చున్న జాన్ ఎవెలిన్ తన దినచర్య పుస్తకమున, ఎద్దు ఎముకలును గొఱ్ఱె ఎముకలును జున్నువలె మెత్తబడెననియు, అందులకు ఎనిమిది ఔన్సుల బొగ్గైనను పట్టలేదనియు, ఎముకలనుండి దిగిన జెల్లి అంత తేటగాను రుచిగాను తానెన్నడును చూచి యెఱుగననియు వ్రాసికొని, ఒక గాజుపాత్రెడు జెల్లిని భార్యకు పంపెను.

ఈ సంగతి నన్నింతగా మురిపించుటకు కారణము దాని వెనుకనున్న బంధుత్వము. కంటికి కనబడని సూక్ష్మశైవలములను, అనగా నీటిలో పచ్చగా ప్రబలు నాచుజాతులను, బిగించిన ఉక్కుపాత్రలో వేడినీటితో ఒత్తిడి పెట్టి, వానిలోని రంగులను, మాంసకృత్తులను, చక్కెరలను, ఔషధగుణముగల పదార్థములను రాబట్టు నేటి విద్య ఆనాటి ఎముకల విందునకు దౌహిత్రి.

నీరు నూరు డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగుననుట పిల్లలెఱిగిన మాట; కాని అది మూతలేని పాత్రకే చెల్లును. మూత బిగించి, 150 డిగ్రీలకు సుమారు 5 బార్లు, 200 డిగ్రీలకు 16 బార్లు, 250 డిగ్రీలకు 40 బార్లు ఒత్తిడి నిలిపినచో, నీరు ఆవిరియై లేచిపోవక ద్రవముగనే కాగుచుండును. అప్పుడు దాని స్వభావమే మారిపోవును. ఉప్పును చక్కెరను ఆదరించి నూనెజాతి పదార్థములను దరిజేరనీయని నీరు, వేడి పెరిగినకొలది ఆ పట్టు సడలించుకొనును. గదిలోని వేడిమిలో 80 ఉన్న దాని రోధక స్థిరాంకము 250 డిగ్రీల వద్ద 27 ప్రాంతమునకు దిగి, చల్లని మిథనాలు, ఇథనాలుల గుణమునకు చేరువగును. చిక్కదనము ఎనిమిదవ వంతుకు తగ్గుటచేత అది కణముల సందులలోనికి సులభముగా చొరబడును. సారాయి గాని హెక్సేను గాని లేకయే, కేవలము నీటిచేత, అవి చేయు పనిలో పెద్దపాలు జరిగిపోవును.

పాపిన్‌కు ఈ లెక్కలేవియు తెలియవు. అయినను ఆతడు చేసిన పని చూడుడు. 1647లో బ్లువా పట్టణమున పుట్టి, వైద్యము చదివి, పారిసులో హైగెన్స్ వద్దను లండనులో బాయిల్ వద్దను ప్రయోగములలో చేయి తిరిగినవాడై, 1679లో ఈ పాత్రను రాయల్ సొసైటీకి చూపెను. 1681లో ప్రకటించిన గ్రంథమునకు పెట్టిన పొడవైన పేరులోనే, ఇది వంటకు, సముద్రయానములకు, మిఠాయిలకు, పానీయములకు, రసాయనమునకు, అద్దకమునకు పనికివచ్చునని చాటెను. అద్దకమను ఆ చివరిమాట వద్ద నా చూపు నిలిచిపోయినది. రంగును పదార్థమునుండి విడదీసి బయటికి లాగుటకు ఒత్తిడిలోని వేడినీరు సాధనమని ఆతడు ఆనాడే తలపోసెను.

కొలత పెట్టిన గాజుగొట్టమున పాదరసమును నిలిపి ఫారెన్‌హీట్ ఉష్ణమాపకమును చేయుటకు ఇంకను ముప్పదియేండ్లు గడువవలసి యుండెను. కావున పాపిన్ పాత్ర మూతపైనున్న చిన్న గుంటలో ఒక నీటిబొట్టు వేసి, లోలకము ఎన్ని ఊపులు ఊగునప్పటికి ఆ బొట్టు ఆవిరియగునో లెక్కించి, లోపలి వేడిని అంచనా కట్టెడివాడు. ఒత్తిడి హద్దు మీఱి పాత్ర పగులకుండుటకై మూతకు చిన్న రంధ్రము చేసి, దానిపై బిరడా ఉంచి, ఆ బిరడాను ఒక కడ్డీతోను తూకపురాయితోను అదిమెను. ఒత్తిడి మించినచో రాయి లేచి ఆవిరి పోవును. మన వంటింటి ప్రెషర్ కుక్కరుపై ఎగిరి కూతవేయు బరువునకు ఇదియే మూలపురుషుడు. ఆ కుక్కరులోని వేడి 120 డిగ్రీల దరిదాపున ఆగిపోవుట వేరుమాట.

పేదలకు ఎముకల సారమిచ్చి పోషింపవచ్చునని పాపిన్ ఆశించెను. ఈ యాలోచన రాజసన్నిధికి చేరగా, రాజుగారి వేటకుక్కలు తమ ఎముకలను తమకే ఉంచుమని మనవిపత్రము సమర్పించుకొన్నట్లు ఒక చమత్కారి కల్పించెనని కథ. ఆ నవ్వులలో ఒక గొప్ప తలంపు మునిగిపోయినదని నాకు నేటికిని బాధ. 1690లో ఆవిరిచే ముషలకమును నడుపు ఉపాయము ప్రకటించినవాడును పాపినే. 1707లో కాసెల్ నుండి ఆతడు ఫుల్డా నదిపై నడిపించుకొని వచ్చిన చక్రపు పడవను మ్యుండెన్ పడవవాండ్రు విఱిచివేసిరి. లండనుకు తిరిగివచ్చి పేదరికమున కన్నుమూసెను. లోకమాతని ఆవిరిని పట్టుకొని పరుగెత్తి, యంత్రములు కట్టి, పట్టాలు పఱచినది. ఆవిరి కానీయక ఆతడు పట్టి యుంచిన నీటిని మాత్రము మూలకు త్రోసినది. ఆ త్రోవ విడువక నడచియున్నచో, మొక్కల సారములకై మండు ద్రావకములను పీపాలకొలది వాడవలసిన యక్కఱ ఎంత తగ్గియుండెడిదో గదా!

పిదప నూఱేండ్లకు పైగా చెప్పదగినది స్వల్పము. 1822లో కన్యార్ దె లా టూర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తుపాకి గొట్టము రెండుకొనలు మూసి, అందు సారాయివంటి ద్రవములను, ఒక చెకుముకిరాతి గుండును ఉంచి వేడిచేయుచు చెవియొగ్గి వినెను. ఒక స్థితి దాటినపిమ్మట ద్రవములో గుండు దొర్లు చప్పుడు మాఱెను, అనగా ద్రవమునకును ఆవిరికిని భేదము నశించెను. 1869లో థామస్ ఆండ్రూస్ అను శాస్త్రజ్ఞుడు ఆ స్థితికి సంధిస్థానమని అర్థమిచ్చు పేరుపెట్టెను. నీటికి ఆ స్థానము 374 డిగ్రీలు, 221 బార్లు. నాచు పనివారు దానికి చాల దిగువనే ఆగుదురు.

నాచు కథ వేరొక నదిగా పాఱుచుండెను. మెక్సికోలోని టెష్కోకో సరస్సుపైనుండి ఆజ్టెకులు తీసి బిళ్ళలుగా ఎండబెట్టి సంతలో అమ్మిన టెక్విట్లాటలును, చాడ్ సరస్సు ప్రాంతమున కానెంబు జనులు నేటికిని తినెడి దిహేయును స్పిరులీనా జాతివే. టెష్కోకో సరస్సు ఎండగట్టబడుటతో అచ్చటి తిండి పోయినది. దాని మరపు తరతరముల జ్ఞానమునకు కలిగిన నష్టము.

రెండు నదులు కలియుటకు 1994 దాక ఆగవలసి వచ్చెను. ఆ యేడు ఉత్తర డకోటాలో హాథార్న్, యాంగ్, మిల్లర్ అను వారు మట్టిలో అంటుకొన్న విషపదార్థములను ఒత్తిడిలోని వేడినీటితో కడిగి తీయవచ్చునని నిరూపించిరి. నీరు మట్టినుండి తీయగలిగినదానిని ఆకునుండి, నాచునుండి ఏల తీయరాదని వెంటనే తోచినది. మాడ్రిడ్ పరిశోధకులు ఆస్టాజాంతిన్ అను ఎర్రని రంగును దట్టమైన గోడలలో దాచుకొను హెమటోకాకస్ నాచును 50, 100, 150, 200 డిగ్రీల నీటిలో పెట్టి చూడగా, వేడి హెచ్చినకొలది సారమును, తుప్పును బోలు ఆక్సీకరణమును అడ్డగించు శక్తియు హెచ్చినవి.

ఇచ్చట ఒక చిక్కు కలదు. నా మనస్సుకు ఇదియే మిక్కిలి రుచించినది. 2010లో ఆ పరిశోధకులే, చక్కెరలును ఎమైనో ఆమ్లములును ఆ వేడిలో కలిసి గోధుమవన్నెకు తిరిగి, ఆ శక్తిగల కొత్త పదార్థములను పాత్రలోనే పుట్టించుచున్నవని చూపిరి. రొట్టె పైపొర ఎఱ్ఱబాఱుటకు మూలమైన చర్య యిదియే. కావున చేతికి వచ్చినదంతయు నాచు సొత్తని చెప్పుట పొరపాటు. కొంత మంట పుట్టించినది.

అట్లే స్పిరులీనాలోని అందమైన నీలవర్ణము, ఫైకోసయానిన్, అరువది డిగ్రీలు దాటినచో చెడిపోవును. దానికొఱకు 200 డిగ్రీల నీటిని పెట్టువాడు నీలమును చంపి శేషమును ఏరుకొనును. అందువలన నేర్పరులు ముందుగా చల్లని నీటితో నీలమును తీసి, మిగిలిన ముద్దను బిగించిన పాత్రకు పంపుదురు. నాచును ముందుగా ఎండబెట్టనక్కఱలేకుండుట ఈ పద్ధతికున్న పెద్ద లాభము: చెరువునుండి వచ్చిన నాచులో నీరే మిక్కుటము, ఎండబెట్టుటకే ఇంధనములో పెద్దభాగము పోవును, ఇక్కడ ఆ తడియే పనిముట్టుగా నిలుచును.