సంశయము – విశ్వాసము: ఒంగోలు సీమ నిదర్శనము



సంశయమును విశ్వాసమును ఒకచోట నిలువజాలవని పెక్కురు తలంతురు. నేను బాల్యమున తర్కము చదివినవాడను. గౌతముడు చెప్పిన పదునాఱు పదార్థములలో సంశయ మొకటి, నిర్ణయ మొకటి. సంశయము కలిగినచోట విచారణ. విచారణ ముగిసినచోట నిర్ణయము. క్రైస్తవుల గ్రంథమునందును ఇట్టి కథ కలదు. తోమా యను శిష్యుడు, గురువు గాయములను చూచినగాని ఆయన తిరిగి లేచెనని నమ్మననెను. యేసు వానిని వెళ్లగొట్టలేదు. చేయి చాచి తాకి చూడుమనెను. ఈ సంబంధము మన ఒంగోలు సీమ చరిత్రలో ఎట్లు కానవచ్చినదో మనవి చేసెదను.

అమెరికా బాప్తిస్టుల మిషనరీ శామ్యూలు డే 1836లో తెలుగుదేశమునకు వచ్చి, 1840లో నెల్లూరున నిలిచెను. ఏండ్లు గడచినను చేరినవారు కొలదిమందియే. 1853లో ఆల్బనీ నగరమున సభ కూడి, ఈ మిషనును మూసివేయుదమా యని చర్చించినది. 1862లో మరల అదే ప్రశ్న లేచినది. మీరు పంపకున్నను నేను తెలుగువారియొద్దకు పోయెదనని లైమన్ జ్యూవెట్టు పట్టుబట్టెను. మిషను నిలిచినది. ఆయనతో 1865లో వచ్చిన జాన్ క్లౌ మఱుసటియేట ఒంగోలు చేరెను. 1867 జనవరి 1వ తేదీన ఎనమండ్రతో అచట సంఘ మేర్పడినది. యెఱ్ఱగుంట్ల పేరయ్య యను మాదిగ భక్తుడు తనవారి పల్లెలలో బోధించుటచే అది పెరిగినది.

అంతలో 1876–78 నాటి ధాత కరవు వచ్చినది. క్లౌ బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు పుచ్చుకొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. బోధకులే మేస్త్రీలైరి. వేలకొలది జనులు బాప్తిస్మ మడిగిరి. ఇచటనే ఆయనకు సంశయము కలిగినది: వీరు కోరునది క్రీస్తునా, కూటినా? ఏడాదికి పైగా ఆయన ఎవ్వరికిని బాప్తిస్మ మీయలేదు. సాయము ముగిసినదని తెలిపిన పిదపను జనులు మరలిపోలేదు. అప్పుడు వారిని ప్రశ్నించి, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి కడ 2,222 మందికి బాప్తిస్మ మిప్పించెను. ఆ మూడు దినములలో మొత్తము 3,536 మంది.

ఇందు సంశయము రెండు విధములుగా కనబడుచున్నది. ఆల్బనీ సభవారిది ఫలమును లెక్కించి పని మానుదమను సంశయము. క్లౌది పని మానక, పరీక్షించి తెలిసికొందమను సంశయము. మొదటిది విశ్వాసమును ఆర్పును. రెండవది పుటము వేసి బంగారమును తేల్చును.

అయినను ఆకలియే వారిని చేర్చెనని నేటికిని అనువారు కలరు. గ్రామపెద్దలకు నా విన్నప మొకటి. చేరినవారు చచ్చిన పశువు మాంసమును, గ్రామదేవతల కొలువును, ఆదివారపు పనిని మానవలెనని నియమ ముండెను. దానిని పాటించినవారికి కొన్ని యూళ్లలో బావినీరును పనియు నిరాకరింపబడినవి. కూటికై వచ్చినవాడు కూడు పోవు త్రోవను పట్టునా? వారి విశ్వాసమును శంకించుటకు ముందు, ఆ బావులకడ కావలియుండిన మన పెద్దల ధర్మమును మనము శంకింపవలదా? ఆ సంశయము మనలను నిర్ణయమునకు చేర్చినచో అదియు మేలే.