మాటకు సాక్షి

ఆంగ్లమున ఉత్తరము వ్రాయువారు పరిచితులకైనచో చివర 'యువర్స్ సిన్సియర్లీ' అనియు, పేరెరుగని అధికారికైనచో 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ' అనియు వ్రాయుదురు. 'సిన్సియర్' అను మాటకు మూలమైన లాటిను పదమునకు శుభ్రమైనది, కల్తీ లేనిది అని అర్థము. మైనము పూయని శిల్పమను కథ ఒకటి ప్రచారములో ఉన్నది కాని, దానికి ఆధారము లేదు. మన 'చిత్తశుద్ధి'లో ఉన్నదియు ఆ శుభ్రతయే.

ఉత్తరము చివరి మాట మర్యాద. న్యాయస్థానములో పలుకు మాటపై ఒకరి పొలమో ప్రాణమో ఆధారపడి యుండును. కంపెనీ న్యాయస్థానములలో హిందువులచే గంగాజలముపై, మహమ్మదీయులచే ఖురానుపై ప్రమాణము చేయించెడివారు. అట్టి పద్ధతులు పలువురికి మనస్సొప్పనివై, న్యాయమునకే అడ్డు వచ్చినవి. 1840లో 5వ చట్టము వానిని తొలగించి, దేవుని సమక్షమున నిజమే చెప్పుదునను ధ్రువీకరణ వాక్యమును నిలిపినది. మన చలనచిత్రములు మాత్రము సాక్షి చేతి క్రింది నుండి భగవద్గీతను తీయలేదు!

గోపాల్‌పేట నిజాము రాజ్యములోని సంస్థానము. ఆ చట్టము అచ్చట వర్తింపలేదు. ఆ రాజ్యమున అధికార భాష మొదట పారసీకము, 1880వ దశకము నుండి ఉర్దూ. రైతు ఇంటి భాష తెలుగు. హామీ, ఖరారు, జామీను అను మాటలు కచేరీ త్రోవను వచ్చి అతని నోట తెలుగైనవి. ఊరిలో మాత్రము 'ఒట్టు'దే పెత్తనము. బిడ్డ తలపై చేయి పెట్టి ఒట్టు వేసినవానిని నమ్మకుండుట కష్టము. అయినను 'ఒట్టు తీసి గట్టుమీద పెట్టు' అన్నవారును మనవారే.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారత యూనియనులో చేరినది. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము మంత్రుల ప్రమాణమున 'ఫెయిత్‌ఫుల్లీ' అను మాటనే వాడినది. దానిని తెలుగు చేసినవారు 'శ్రద్ధతో, అంతఃకరణశుద్ధితో' అనిరి. ఈ అనువాదమును మేము మెచ్చుకొనక తప్పదు. సంస్కృతమున శ్రద్ధ యనగా ప్రధానముగా విశ్వాసము. మన వాడుకలో పనిపై పెట్టు మనస్సు. ఉత్తరము చివర అలంకారముగా మిగిలిన మాట ఇచ్చట పనికి కట్టుబడినది. దైవమును సాక్షిగా పిలువ నిష్టపడనివారికి కేవల ధ్రువీకరణయు కలదు.

1963లో వచ్చిన 16వ రాజ్యాంగ సవరణతో, గెలిచినవారే కాక ఎన్నికలలో నిలుచు అభ్యర్థియు ప్రమాణము చేయవలసి వచ్చినది. అదే అభ్యర్థి ఊరి సభలో ఇచ్చు మాటను మాత్రము గోపాల్‌పేట ఓటరు పాత కచేరీ మాటతోనే 'హామీ' అనుచున్నాడు.