సినాయి యుద్ధం – మన డి.ఏ.

ప్రత్యేక సంచికకు సర్వీసు నాటి జ్ఞాపకం ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు ఆదేశించారు. నా జ్ఞాపకం ఒక పే బిల్లుతో మొదలై చాలా దూరం పోతుంది. పాఠక మిత్రులు కాస్త ఓపిక పట్టగోరుతాను.

1974 జూలైలో ఒక ఆర్డినెన్సు వచ్చిన సంగతి మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పెరిగిన డి.ఏ.లో సగం చేతికి రాదు, నిర్బంధ డిపాజిట్‌లో జమ అవుతుంది. అప్పుడు నేను ఎల్.డి.సి.ని. మా సెక్షను పే బిల్లులు వ్రాసేది నేనే. అందరి జీతాల్లోనూ, నా జీతంలోనూ ఆ కోత నా చేత్తోనే వేశాను. తమ్ముడి కాలేజీ ఫీజు కట్టవలసిన నెల అది. ఇంటికి వెళ్ళి నాన్నగారికి సంగతి చెప్పాను. "ఎక్కడో అరబ్బు దేశాల్లో యుద్ధం జరిగిందట, చమురు ధర పెరిగిందట, దాంతో అన్నీ పెరిగాయి. డబ్బు చలామణీ తగ్గించడానికి ఇది చేశారు" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, "ఆ యుద్ధంలో మనం ఎవరి పక్షంరా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

రిటైరైన తర్వాత గ్రంథాలయంలో కూర్చుని ఆ జవాబు వెతుక్కున్నాను.

1973 అక్టోబరు 6న ఈజిప్టు, సిరియా సేనలు సినాయి, గోలన్ ప్రాంతాల్లోని ఇజ్రాయెల్ సేనలపై ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. అవి 1967 యుద్ధంలో ఆ రెండు దేశాలూ పోగొట్టుకున్న భూములు. యుద్ధరంగం అమెరికాకు వేల మైళ్ళ దూరం. అధ్యక్షుడు నిక్సన్ వాటర్‌గేట్ వ్యవహారంలో పీకలదాకా మునిగి ఉన్నారు. కిసింజర్ విదేశాంగ మంత్రి పదవి చేపట్టి రెండు వారాలే అయింది. సోవియట్ యూనియన్ అరబ్బులకు ఆయుధాలు పంపుతూంటే, అమెరికా అక్టోబరు 14 నుండి పెద్ద పెద్ద విమానాల్లో ఇజ్రాయెల్‌కు ఆయుధాలు చేరవేసింది. ఆ శక్తి దానికి ఉంది.

కానీ జవాబు మరో దారిన వచ్చింది. అక్టోబరు 16న గల్ఫ్ దేశాలు పీపా చమురు ధరను 3 డాలర్ల నుండి 5 డాలర్ల పైకి పెంచాయి. మరునాడు అరబ్బు దేశాలు ఉత్పత్తిలో నెలనెలా కోత పెట్టాలని తీర్మానించాయి. 19న నిక్సన్ ఇజ్రాయెల్‌కు 220 కోట్ల డాలర్ల సహాయం కోరగానే, మరునాడే సౌదీ అరేబియా అమెరికాకు చమురు ఆపేసింది. 1974 జనవరి 1 నుండి పీపా ధర 11 డాలర్లు దాటింది. మూడు నెలల్లో దాదాపు నాలుగు రెట్లు!

అమెరికా తనకు కావలసిన చమురులో సుమారు మూడో వంతు దిగుమతి చేసుకొనేది. దాని సొంత ఉత్పత్తి 1970లోనే శిఖరం తాకి తగ్గుముఖం పట్టింది. చంద్రుడి మీద మనిషిని దింపిన దేశంలో పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరాయి. కొన్ని రాష్ట్రాల్లో సరి సంఖ్య బండికి ఒక రోజు, బేసి సంఖ్య బండికి మరో రోజు పెట్రోలు పోశారు. రహదారుల మీద గంటకు 55 మైళ్ళ వేగం దాటరాదని చట్టం చేశారు.

అప్పుడు దౌత్యం రంగంలోకి దిగింది. కిసింజర్ విమానంలో కైరోకూ, జెరూసలేంకూ, డమాస్కస్‌కూ మాటిమాటికీ తిరిగారు. 1974 జనవరి 18న ఈజిప్టు, ఇజ్రాయెల్ సేనలను విడదీసే ఒప్పందం కుదిరింది. మార్చి 18న అరబ్బు దేశాల్లో అధికభాగం ఆంక్ష ఎత్తివేశాయి. మే 31న సిరియాతో ఒప్పందం జరిగింది. నాకు అర్థమైనంతలో, అంతవరకు ఒక పక్షానికి ఆయుధాలిచ్చిన దేశం, పెట్రోలు క్యూల ఒత్తిడి కూడా తోడై, రెండు పక్షాల మధ్య కూర్చోవలసి వచ్చింది. సంధి కుదిరినా ధర మాత్రం దిగలేదు.

అయితే అమెరికా ఆ దెబ్బను మరచిపోలేదు. 1974 నవంబరులో చమురు వాడే దేశాలతో కలిసి అంతర్జాతీయ ఇంధన సంస్థను ఏర్పాటు చేసింది. 1975 డిసెంబరు చట్టంతో కార్లకు మైలేజీ ప్రమాణాలు పెట్టింది. అత్యవసర చమురు నిల్వకు పూనుకుంది. టెక్సాస్, లూసియానా తీరాల్లోని ఉప్పు గుహల్లో ఆ చమురు దాచారు. 2022లో రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తినప్పుడు, ఆ గుహల్లోంచే 18 కోట్ల పీపాలు విడుదల చేయాలని నిర్ణయించారు. అంటే సినాయి యుద్ధంలో నేర్చిన పాఠం నలభై ఎనిమిదేళ్ళ తర్వాత కూడా అక్కరకు వచ్చింది.

మరి మన సంగతి? అప్పటికే 1972-73 కరువుతో తిండిగింజల ధరలు మండుతున్నాయి. దాని మీద చమురు బిల్లు వచ్చి పడింది. 1974-75లో టోకు ధరలు సుమారు 25 శాతం పెరిగాయి. మనకు ఉప్పు గుహలూ లేవు, డాలర్ల నిల్వలూ లేవు. ఉన్నది మన డి.ఏ. ఒక్కటే. అందులోంచి సగం పక్కన పెట్టారు. తర్వాత వాయిదాల్లో వడ్డీతో సహా తిరిగి ఇచ్చారనుకోండి, అది వేరే సంగతి. ఆ ఏడు మా తమ్ముడి ఫీజు మాత్రం అమ్మ గాజులు తాకట్టు పెట్టి కట్టాము.

ఇప్పుడు నాన్నగారు లేరు. ఉంటే ఇలా చెప్పేవాణ్ణి: "మనం ఏ పక్షమూ కాదు నాన్నగారూ, కొనుక్కునేవాళ్ళ పక్షం. అంత పెద్ద అమెరికా కూడా ఆ శీతకాలం మన వరుసలోనే నిలబడింది. కాకపోతే వాళ్ళు మళ్ళీ నిలబడకుండా ఏర్పాటు చేసుకున్నారు."

నేటికీ పేపర్లో దూరదేశపు యుద్ధం వార్త కనబడితే, పిల్లలు పేజీ తిప్పేస్తారు. నేను మాత్రం పూర్తిగా చదువుతాను. మన పింఛను మీద ఆ యుద్ధం ఎప్పుడు చేయి వేస్తుందో అని.