సౌత్ కెన్సింగ్టన్‌లో కరక్కాయ

మన్యంలోని పెదబయలు నుంచి వదిన ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది ఒకటే. “ఇంతకీ అక్కడ ఏం చదువుతున్నావు?” ఓసారి ఉన్నదున్నట్టు చెప్పేశాను. బట్టల మీద పువ్వులు, గోడల మీద చారలు, గిన్నెల అంచులు ఎలా ఉండాలో చదువుతున్నానన్నాను. కాసేపు అటునుంచి చప్పుడు లేదు. తర్వాత పెద్ద నవ్వు. “అది మీ అమ్మ ఏటా పండక్కి చేసే పనే కదా. దానికి విమానం ఎక్కాలా?”

వదిన మాటలో న్యాయం ఉంది. మా గిరిజనుల ఇటుకల పండగ ముందు మా ఊళ్లో ఏ ఇంటికి వెళ్లినా గోడలు అలికే ఆడవాళ్ల మోచేతుల దాకా ఎర్రమట్టే. ఎవరూ ఎవరికీ నేర్పినట్టు కనబడదు. చూస్తూ పెరుగుతాం, చెయ్యి దానంతటదే తిరుగుతుంది. మరి ఇంగ్లండులో ఇదే పనిని బడిలో పాఠంగా పెట్టి, పార్లమెంటులో చర్చించి, సర్కారు సొమ్ముతో ఒక మహా భవనం ఎందుకు కట్టారు? ఈ దేశానికి వచ్చిన కొత్తలో నాకూ అర్థం కాలేదు. ఇప్పుడు కొంచెం తెలిసింది కాబట్టి చెబుతున్నాను.

మొదటి కారణం భయం. ఆవిరి యంత్రాలొచ్చాక మాంచెస్టరు, బర్మింగ్‌హామ్ మిల్లుల్లో సరుకు గుట్టలు గుట్టలుగా తయారయ్యేది. చవక. కానీ అందం దగ్గరికొచ్చేసరికి ఫ్రెంచి పట్టు ముందు తేలిపోయేది. మగ్గం దగ్గర కూర్చున్నవాడే పువ్వు వేసిన రోజుల్లో నేత, నమూనా ఒకే చేతిలో ఉండేవి. యంత్రం ఆ రెంటినీ విడగొట్టింది. నమూనా గీసేవాడు వేరే కావలసి వచ్చాడు, అలాంటివాడు దొరకలేదు. 1835లో పార్లమెంటు దీని మీద ఒక కమిటీ వేసింది. 1837లో లండన్‌లోని సోమర్‌సెట్ హౌస్‌లో సర్కారు డిజైన్ బడి తెరిచింది. పువ్వు బాగా రావడం లేదని ఒక ప్రభుత్వం దిగులు పడడం నాకైతే ముచ్చటగా అనిపిస్తుంది, అసలు దిగులు ఎగుమతుల గురించే అయినా సరే.

తర్వాత 1851. హైడ్ పార్కులో జోసెఫ్ ప్యాక్స్‌టన్ ఇనుమూ గాజుతో లేపిన క్రిస్టల్ ప్యాలెస్‌లో ప్రపంచ దేశాల సరుకంతా పరిచారు. ఐదున్నర నెలల్లో అరవై లక్షల మంది చూశారు. ఈస్టిండియా కంపెనీ పంపిన భారతీయ విభాగం దగ్గరకొచ్చేసరికి డిజైన్ బడి పెద్దలకు నోట మాట రాలేదు. యంత్రం ముఖం చూడని చేతుల నుంచి వచ్చిన బట్టల్లో రంగు రంగుతో పోట్లాడడం లేదు, బొమ్మ బట్టను మింగెయ్యడం లేదు. తమ దేశపు తివాచీలు ఆ పక్కనే తెల్లమొహం వేశాయి. ప్రదర్శన ముగిశాక దాని నిర్వాహకుల్లో ఒకడైన హెన్రీ కోల్, డిజైనర్ ఓవెన్ జోన్స్ లాంటివాళ్లను కూర్చోబెట్టి, సర్కారు ఇచ్చిన 5,000 పౌండ్లతో పాఠానికి పనికొచ్చే వస్తువులు కొనిపించారు. అందులో మన దేశపువి చాలానే ఉన్నాయి.

ఆ వస్తువులను 1852లో మార్ల్‌బరో హౌస్‌లో పెట్టి మ్యూజియం తెరిచారు. ఇక్కడే నాకు బాగా నచ్చిన కథ ఒకటుంది. మంచివి చూపిస్తే చాలదనుకున్నాడు కోల్. చెడ్డవి కూడా ఒక గదిలో పెట్టి, ప్రతిదాని కింద దాని తప్పేమిటో రాయించాడు. నిజం పువ్వుల్లా నీడలతో ఉబ్బెత్తుగా కనిపించే తివాచీ: పువ్వుల మీద కాళ్లేసి నడుస్తామా? పువ్వు రేకుల్లోంచి మంట వచ్చే గ్యాస్ దీపం: పువ్వు మండుతుందా? జనం ఆ గదికి భయానక మందిరం అని పేరు పెట్టేశారు. చార్లెస్ డికెన్స్ నడిపే పత్రికలో దీని మీద ఒక వెక్కిరింపు కథ వచ్చింది. ఆ గది చూసొచ్చిన పెద్దమనిషికి ఇంటికెళ్లాక తన కర్టెన్లు, తన కప్పులు, తన ప్యాంటు, అన్నీ భయంకరంగానే కనిపిస్తాయి. తమ సరుకు ఆ గదిలో చేరిన వ్యాపారులు గోల పెడితే కొన్నాళ్లకే దాన్ని మూసేశారు.

చదువుతూ నాలో నేనే నవ్వుకున్నాను. మన సంతలో చలికాలం వేలాడదీసే పులిబొమ్మ దుప్పట్లు గుర్తొచ్చాయి. కోల్ దొరకు ఒక్కటి దొరికినా గది మధ్యలో పెట్టించేవాడు. నిద్రపోయేవాడి పొట్ట మీద పులి, అదీ కోరలతో! మా ఇంట్లో మాత్రం అలాంటివి రెండున్నాయి, రెండూ వెచ్చగా ఉంటాయి.

ఆ మ్యూజియమే 1857లో సౌత్ కెన్సింగ్టన్‌కు మారింది. 1899లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ అని పేరు పెట్టుకుంది. పగలు పనిచేసే కూలీలు, మేస్త్రీలు సాయంత్రం వచ్చి చూసేందుకు గ్యాస్ దీపాలు వెలిగించి తలుపులు తెరిచేవారు. వస్తువులను పెట్టెల్లో సర్ది చిన్న ఊళ్ల డిజైన్ బడులకు పంపేవారు. ఈ దేశం మీద నాకు గౌరవం కలిగే చోట్లలో ఇదొకటి. ఇప్పటికీ లోపలికి వెళ్లడానికి డబ్బు కట్టక్కర్లేదు.

ఓవెన్ జోన్స్ 1856లో ఒక పెద్ద పుస్తకం వేశాడు. పేరు అలంకారానికి వ్యాకరణం అని అర్థం వచ్చేలా ఉంటుంది. రంగుల్లో అచ్చేసిన 100 పలకలు, 37 సూత్రాలు. ఈజిప్టు, గ్రీకు, అరబ్బు, భారతీయ, చీనా, అలా సాగి చివర చెట్ల ఆకుల దగ్గర ఆగుతుంది. మరి మొదటి అధ్యాయం ఎవరిది? అడవి జాతులది. ఆయన వాడిన మాట ఇంకా మొరటుది, ఆటవికులు అని. ఆ పేజీ తెరిచిన రోజు నా చెవులు వేడెక్కాయి. కోపంగానే చదివాను. చదివితే ఆయన రాసింది వేరు. పచ్చబొట్టు పొడిచిన ఒక మావోరీ ముఖాన్ని చూపించి, ముఖం తీరును బట్టి గీత ఎలా నడిచిందో చూడండి, అలంకార కళలోని అత్యున్నత సూత్రాలే ఇందులో ఉన్నాయి అంటాడు. మర్యాద లేని పేరు, మర్యాదగల చూపు. రెండూ ఒకే మనిషివి. ఈ దేశపు పాత పుస్తకాల్లో మనలాంటివాళ్లకు తరచూ ఎదురయ్యేది ఇదే.

ఆయన సూత్రాల్లో ఒకటి నన్ను నేరుగా మా ఇంటి ముందుకు తీసుకెళ్లింది. కట్టడాన్ని అలంకరించవచ్చు గాని, అలంకారం కోసమని కట్టకూడదు అన్నది దాని సారం. పండక్కి మా అమ్మ అలికే గోడే చూడండి. వానజల్లు కొట్టే కింది భాగంలో మూరెడు ముదురు పట్టీ. అరుగు గోడను కలిసే మూలలో సున్నపు గీత. గుమ్మం చుట్టూ ఎర్రమట్టి. ఒక్క గీత కూడా ఊరికే గాలిలో లేదు. ఇల్లు ఎక్కడ నిలబడిందో, ఎక్కడ వంగిందో, ఎక్కడ తడుస్తుందో అక్కడే రంగు. మూడో ఏడాది తరగతిలో మా అయ్యవారు ఈ సూత్రాన్ని రెండు గంటలు చెప్పారు. నాకు మొదటి నిమిషంలోనే అర్థమైపోయింది, అదేమీ నా తెలివి కాదు.

ఇక రెండో కారణం. ఇది 1835 కన్నా రెండు వందల ఏళ్ల పాతది, మన బందరుకు సంబంధించింది.

ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో కొఠీ పెట్టింది 1611లో. అక్కడి కలంకారీ బట్టను వీళ్లు చింట్జ్ అన్నారు. ఆ బట్ట ఇంగ్లండును పిచ్చెక్కించింది, ఎందుకంటే ఉతికినా రంగు పోదు. అప్పటికి ఐరోపాలో నూలు బట్ట మీద బొమ్మ వేస్తే మొదటి తడుపుకే కారిపోయేది. మన అద్దకంవాళ్ల రహస్యం రంగులో కాదు, రంగుకు ముందు చేసే పనిలో ఉంది. బట్టను గేదెపాలు, కరక్కాయ కలిపిన నీళ్లలో ముంచి ఎండబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం వేసి పులియబెట్టిన నీళ్లతో కలం పట్టి గీస్తే, కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నల్లగా పట్టేస్తుంది. పాలలోని కొవ్వు గీతను చెదరనివ్వదు. ఎరుపు కావలసిన చోట పటిక రాసి, చిరివేరు వేసిన కాగులో ఉడికిస్తారు. పటిక ఉన్నచోటే ఎరుపు అంటుకుంటుంది. నీలికి మైనం పూత. నీలి మీద పసుపు రంగు రాస్తే ఆకుపచ్చ. ఒక్క దుప్పటికి నెలల పని.

1643లో లండన్ డైరెక్టర్లు సూరత్ కొఠీకి ఉత్తరం రాశారు. ఎర్రనేల బట్టలు ఇక్కడ అంతగా నచ్చడం లేదు, తెల్లనేల మీద కొమ్మలు, పువ్వులు వేయించి పంపమన్నారు. ఆ తర్వాత నమూనాలే పంపడం మొదలెట్టారు. మ్యూజియంలో అలాంటి ఒక పెద్ద చెట్టు బొమ్మ దుప్పటి ముందు నిలబడి ‘అచ్చమైన భారతీయత’ అని మురిసిపోయేవాళ్లను చూస్తే చెప్పాలనిపిస్తుంది: అందులో సగం మీ తాతలు ఆర్డరిచ్చిందేనండీ.

ఆ మోజు ఇక్కడి నేతగాళ్ల పొట్టకొట్టింది. 1700లో చట్టం చేసి, దిగుమతైన రంగుల నూలు బట్టలను దేశంలో వాడకుండా ఆపారు. అయినా ఆగలేదు. 1719లో లండన్ స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్లు వీధుల్లో పడి, చింట్జ్ కట్టుకున్న ఆడవాళ్ల ఒంటి మీది బట్ట చింపేశారు. 1721లో కట్టుకోవడమే నేరమంటూ ఇంకో చట్టం వచ్చింది. 1774లో ఆంక్ష ఎత్తేసినా అది ఇంగ్లండులో తయారైన నూలు బట్టకే. అప్పటికి వాళ్ల యంత్రాలు సిద్ధమయ్యాయి, అద్దకమూ నేర్చేసుకున్నారు. మన బట్ట మీద ఆంక్ష అలాగే ఉంది.

అందుకు సాక్ష్యం ఇదే మ్యూజియంలో మంచమై నిలబడి ఉంది. డేవిడ్ గారిక్ ఆ కాలంలో ఈ దేశపు మహానటుడు. కలకత్తాలో నాటకశాలకు సాయం చేశాడని అక్కడి వర్తకులు ఆయన భార్యకు మచిలీపట్నం చింట్జ్ బహుమతిగా పంపారు. చిప్పెండేల్ పనివాళ్లు చేసిన ఆకుపచ్చ, తెలుపు మంచానికి దాన్ని తెరలుగా వేద్దామనుకున్నారు. 1775లో సుంకంవాళ్లు పట్టుకుపోయారు. రాజులతో, రాణులతో చప్పట్లు కొట్టించుకున్న మనిషి, పెళ్లాం మంచం తెరల కోసం సర్కారు పెద్దలకు బతిమాలుతూ, నవ్విస్తూ ఉత్తరాలు రాసుకున్నాడు. నేను ఈ మ్యూజియంలో ఎక్కువ సేపు గడిపేది ఆ మంచం దగ్గరే. ముందు అడ్డుకుని, తర్వాత నేర్చుకుని, ఆ తర్వాత గాజుపెట్టెలో పెట్టి పాఠం చెప్పుకున్న చరిత్రంతా ఆ తెరల మడతల్లో ఉంది.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ అనే ఆయన మన దేశపు బట్టల ముక్కలు 700 కత్తిరించి 18 సంపుటాలుగా కట్టించాడు. ఇక్కడి మిల్లులు మనకేం నేసి అమ్మాలో చూసుకోవడానికి అవే నమూనాలు. 1857 తిరుగుబాటు తర్వాత, 1858 జనవరిలో కళా విమర్శకుడు జాన్ రస్కిన్ ఇదే సౌత్ కెన్సింగ్టన్‌లో మాట్లాడుతూ, ప్రకృతిని చూడకుండా వంకీలు తిప్పే భారతీయ అలంకారం మనిషిని చెడగొడుతుందన్నాడు. కోపంలో ఉన్నాడు, పొరపాటు మాట్లాడాడు. అదే రస్కిన్ పనివాడి చేతికి ఉండాల్సిన సంతోషం గురించి రాసిన మాటలు డిజైనర్ విలియం మోరిస్‌ను తయారుచేశాయి. మోరిస్ ఈ మ్యూజియంలోనే పాత బట్టలు చూసి చూసి, నీలిమందు తొట్టిలో చేతులు ముంచి, 1883లో స్ట్రాబెర్రీలు దొంగిలించే పిట్టల బట్ట వేశాడు. అందరికీ అందం కావాలన్నాడు. ఆయన బట్ట మాత్రం డబ్బున్నవాళ్లే కొన్నారు, అది ఆయన్నీ బాధపెట్టింది.

పోయిన నెల మాకు సహజ రంగుల తరగతి. అయ్యవారు కాగితం పొట్లం విప్పి గోధుమరంగు పొడి బల్ల మీద పోశారు. పేరు చెప్పేలోపే వాసన తగిలింది. చిన్నప్పుడు దగ్గొస్తే అమ్మ బుగ్గన పెట్టే వాసన. సంతలో గిరిజన సహకార సంస్థ కాటా పక్కన గోనెల్లోంచి వచ్చే వాసన. కరక్కాయ చెట్టు కనుమల్లో పెరుగుతుంది, బందరు ఇసుకలో కాదు. కలం తీరంలో నడిచినా కాయ కొండ దిగాల్సిందే. తరగతిలో అందరూ చేతికి తొడుగులు వేసుకుంటుంటే నేను చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాను. పక్కనున్న అమ్మాయి హడలిపోయింది. “దగ్గుకి” అన్నాను.

ఆ రాత్రి వదినకు ఈ సంగతి చెప్పాను. ఈసారి నవ్వలేదు. “అక్కడ ఎంతకమ్ముతున్నారు?” అంది. వంద గ్రాముల పొట్లం మీదున్న ధరను రూపాయల్లోకి మార్చి చెప్పాను. ఆవిడ కిలోకి లెక్క కట్టుకుంది. తర్వాత ఫోన్ పక్కకు తిప్పి మా అన్నయ్యను కేకేసింది: “ఇదిగో, రేపటి సంతకి ఆ మూట కట్టొద్దు, ఆగు.”