నేఫాలో మొదలై తీన్‌మూర్తిలో ముగిసిన కథ

నమ్‌కా ఛూ పెద్ద నదేం కాదు. భూటాన్, టిబెట్, భారత్ కలిసేచోట, అప్పట్లో నేఫా అని పిలిచిన నేటి అరుణాచల్ ప్రదేశ్‌లో, తవాంగ్‌కు పడమరగా కొండల నడుమ పారే వాగు. దాటడానికి దుంగలు పడేసి వంతెనలు వేసుకున్నారు. వాటికి పేర్లు కూడా లేవు, ఒకటి, రెండు, మూడు అని అంకెలే. 1962 అక్టోబరులో ఆ వాగుకు ఇవతలి గట్టున మన ఏడో బ్రిగేడ్ జవాన్లు కందకాలు తవ్వుకుని కూర్చున్నారు. అవతల థగ్‌లా కొండ మీద చైనా వాళ్లు. పైనున్నవాడికి కిందివాడి పొయ్యి పొగ కూడా కనిపిస్తుంది. కిందివాడికి పైన ఏం జరుగుతోందో తెలియదు. మనవాళ్లలో చాలామంది ఒంటి మీద ఉన్నవి నూలు బట్టలు, కాళ్లకు కాన్వాసు బూట్లు, మనిషికి యాభై తూటాలు. విమానాలు జారవిడిచిన మూటల్లో చాలామటుకు లోయల్లో పడి చేతికి అందేవి కావు.

20వ తేదీ, శనివారం తెల్లవారుతుండగా థగ్‌లా మీంచి ఫిరంగులు మోగాయి. అప్పటికే, రాత్రికి రాత్రే చైనా సైనికులు వాగు దాటి మనవాళ్ల వెనక్కి చేరారు. కందకాలు ముందుకు చూస్తున్నాయి, శత్రువు వెనకనుంచి వచ్చాడు. రెండో రాజ్‌పుత్ పటాలంలో 513 మంది ఉంటే 282 మంది ఆ వాగు ఒడ్డునే ప్రాణాలు విడిచారు. బ్రిగేడ్ కమాండర్ జాన్ దల్వి రెండు రోజులు కొండల్లో తిరిగి తిరిగి 22న శత్రువు చేతికి చిక్కాడు. ఆయన బందీ అయ్యేనాటికి ఆయన బ్రిగేడ్ లేదు.

జవహర్‌లాల్ నెహ్రూ ఆ తర్వాత పంతొమ్మిది నెలలు బతికారు. బతికారనే అనాలి. ఏలారు అనడానికి నోరు రాదు.

ఈ పతనం సరిహద్దు దగ్గర మొదలైందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. నాకు మాత్రం అక్టోబరు 12న విమానాశ్రయంలో మొదలైనట్టు కనిపిస్తుంది. ఆ కథ చెప్పాలంటే రెండు రోజులు వెనక్కి వెళ్లాలి. 10న సెంగ్‌జోంగ్ అనే చోట పంజాబ్ పటాలానికి చెందిన చిన్న దళం మీద చైనా సైన్యం విరుచుకుపడింది. కోర్ కమాండర్ జనరల్ బి.ఎం. కౌల్ దాన్ని కళ్లారా చూశారు. చైనా వాళ్లు మన మృతులను సైనిక మర్యాదలతో పూడ్చిపెట్టారు కూడా. కౌల్ హడావిడిగా ఢిల్లీ చేరారు. 11 రాత్రి ప్రధాని ఇంట్లో సమావేశం. చైనా వాళ్లను వెళ్లగొట్టే మాట ప్రస్తుతానికి పక్కనపెట్టి, ఉన్నచోటే నిలబడాలని తేలింది. మరునాడు నెహ్రూ సింహళ పర్యటనకు బయలుదేరారు. విమానాశ్రయంలో విలేకరులు చుట్టుముట్టారు. మన భూభాగాన్ని ఖాళీ చేయించమని సైన్యానికి చెప్పామని ఆయన ఒక్క మాట అన్నారు. తెల్లారేసరికి పత్రికల నిండా అదే. సైన్యం చేయలేనని రాత్రి చెప్పిన పనిని, చేయబోతోందని ప్రధాని పగలు ప్రకటించారు. ఆ మాట వెనక్కి తీసుకునే వీలు ఇక ఎవరికీ లేకపోయింది. ఉన్నచోటే ఉండమన్న ఆజ్ఞ మాత్రం ఉండిపోయింది. శీతకాలం ముంచుకొస్తోంది, ఆ వాగు ఒడ్డున నిలబడటం ఆత్మహత్య, వెనక్కి వచ్చి మంచిచోటు చూసుకుందామని కింది అధికారులు మొత్తుకున్నారు. కౌల్ జబ్బుపడి ఢిల్లీకి వచ్చేశారు. మంచం మీంచే యుద్ధం నడిపించారు.

ఇందులో నెహ్రూ తప్పు ఎంత? చైనాను నమ్మాడని అందరూ అంటారు. నమ్మకం తప్పు కాదనే అనుకుంటాను. 1954లో పంచశీల ఒప్పందం కుదుర్చుకున్న మనిషికి 1959 నాటికే కళ్లు తెరుచుకున్నాయి. అక్సాయ్‌చిన్ గుండా వేసిన రోడ్డు బయటపడింది, ఆగస్టులో లాంగ్జు, అక్టోబరు 21న కోంగ్కా కనుమలో మన పోలీసుల మరణం. ఏటా ఆ తేదీన దేశమంతటా పోలీసు అమరుల దినం జరుపుతున్నది వాళ్ల కోసమే. నమ్మకం పోయాక ఏం చేశారన్నది ప్రశ్న. 1961 నవంబరు నుంచి కొండకొనల మీద పది మందితో, ఇరవై మందితో ఠాణాలు పెడుతూ పోయారు. చైనా తిరగబడదన్నది లెక్క. తిరగబడితే ఏమిటని అడిగినవాడి నోరు మూయించారు. అంతకుముందే, 1959లో, సైన్యాధిపతి తిమ్మయ్య రాజీనామా ఇచ్చి వెనక్కి తీసుకున్నప్పుడు, సేనలో నిక్కచ్చిగా మాట్లాడేవాళ్లకు సంగతి అర్థమైపోయింది. ప్రధాని చుట్టూ ఆయన వినాలనుకున్నది చెప్పేవాళ్లే మిగిలారు. చైనా చేసిన ద్రోహం కన్నా ఇదే ఎక్కువ చేటు చేసింది.

అక్టోబరు చివర ఆయనే ఒప్పుకున్నారు, మనం సృష్టించుకున్న కృత్రిమ వాతావరణంలో బతుకుతూ లోకపు వాస్తవానికి దూరమయ్యామని. ఇంత నిజాయితీగా తన ఓటమిని చెప్పుకున్న ప్రధానులు మనకు ఎక్కువమంది లేరు.

లోకం ఎలా చూసింది? అదే వారం క్యూబాలో రష్యా క్షిపణుల గొడవ. భూగోళం ఉంటుందో ఊడుతుందో తెలియని రోజులు. మన వాగు సంగతి ఎవరికి పట్టింది! అక్టోబరు 25న మాస్కోలో ప్రావ్దా పత్రిక చైనా షరతుల మీదే మాట్లాడుకోమని హితవు చెప్పింది. పదిహేనేళ్లుగా ఏ ఆసియా, ఆఫ్రికా దేశాల తరఫున నెహ్రూ గొంతు చించుకున్నారో, వాటిలో చాలామటుకు గొంతు సవరించుకుని ఊరుకున్నాయి. ఘనా అధినేత ఎన్‌క్రుమా అయితే భారత్‌కు ఆయుధాలు పంపవద్దని బ్రిటన్‌ను కోరారు. ఆ మాట చెవినపడ్డప్పుడు పండిట్‌జీ మనసు ఎలా ఉండి ఉంటుందో.

దేశం మాత్రం ఆయన్ని వదల్లేదు, మొదట్లో. రిక్రూటింగ్ ఆఫీసుల ముందు కుర్రాళ్లు బారులు తీరారు. రక్షణ నిధికి ఆడవాళ్లు గాజులు, గొలుసులు తీసి ఇచ్చారు. మన ఆంధ్రదేశంలోనూ ఇచ్చారు. నాలుగు తులాల బంగారం పోగుచేయడానికి ఓ రైతు ఇంటికి ఎన్ని పంటలు పట్టేదో తెలిసినవాళ్లకు ఆ ఇవ్వడం ఎంతటిదో తెలుస్తుంది. కాలేజీల్లో ఎన్‌సీసీ తప్పనిసరి అయింది ఆ తర్వాతే. నవంబరు 14న, నెహ్రూ పుట్టినరోజున, పార్లమెంటు లేచి నిలబడి, ఎంతకాలమైనా ఎంత కష్టమైనా దురాక్రమణదారును తరిమేదాకా ఊరుకోబోమని తీర్మానం చేసింది.

ఆ ఆవేశంలోనే దేశం చేయకూడనిదీ చేసింది. కలకత్తాలో, అస్సాంలో తరాలుగా ఉంటున్న చీనా కుటుంబాలు ఉన్నాయి. బూట్లు కుట్టేవాళ్లు, పళ్లు కట్టేవాళ్లు, తేయాకు తోటల్లో పనిచేసేవాళ్లు. వాళ్ల మొహాలు చూసి ముసలీముతకా, పిల్లాజెల్లా అని చూడకుండా రైళ్లకెక్కించి రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి తోలారు. దాదాపు మూడు వేల మంది. కొందరు ఏళ్ల తరబడి అక్కడే మగ్గారు. వదిలాక ఇంటికెళితే ఇల్లు వేలంలో పోయింది. థగ్‌లా మీద ఓడినవాళ్లం దేవ్‌లీలో గెలిచాం.

కోపానికి ఇంకో మనిషి కావలసివచ్చాడు. రక్షణ మంత్రి కృష్ణమీనన్ సిద్ధంగా ఉన్నాడు. 1957లో ఐక్యరాజ్యసమితిలో కశ్మీర్ మీద దాదాపు ఎనిమిది గంటలు మాట్లాడిన మనిషి. 1962 ఫిబ్రవరిలో ఉత్తర బొంబాయిలో ఆచార్య కృపలానీని లక్షకు పైగా ఓట్లతో ఓడించాడు, నెహ్రూ స్వయంగా ప్రచారం చేస్తే. ఎనిమిది నెలలు తిరగలేదు, ఆయుధ కర్మాగారాల్లో తుపాకులకు బదులు కాఫీ కాచుకునే పాత్రలు చేయించిన మంత్రి అని వీధుల్లో వెక్కిరించారు. పొగరుబోతు, మాట తూలేవాడు, శత్రువులను దండిగా సంపాదించుకున్నవాడు. నిజమే. సైన్యం మీద ఖర్చు పెంచమని ఆర్థిక శాఖతో పోరాడిందీ ఆయనే. అక్టోబరు 31న రక్షణ శాఖను నెహ్రూ తన చేతుల్లోకి తీసుకుని, మీనన్‌కు రక్షణోత్పత్తి అనే తోక మిగిల్చారు. ఏమీ మారలేదని మీనన్ విలేకరుల ముందు గొప్పకు పోయాడు. కాంగ్రెస్ ఎంపీలు భగ్గుమన్నారు. అయితే నన్నూ పొమ్మంటారేమో అని నెహ్రూ బెదిరించి చూశారు. ఆ బెదిరింపుకు అదివరకు కాంగ్రెస్ మొత్తం వణికేది. ఈసారి ఎవరూ వణకలేదు. నవంబరు 7న మీనన్ వెళ్లిపోయాడు. నన్నడిగితే, నెహ్రూ అధికారం ముగిసింది ఆ రోజే.

రాష్ట్రపతి భవన్‌లో అప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్. తెలుగింటి మనిషి, మాట మెత్తన. ప్రభుత్వపు గుడ్డి నమ్మకాన్నీ, నిర్లక్ష్యాన్నీ ఆయనే తప్పుబట్టారంటే దేశం ఎంత విసిగిందో తెలుస్తుంది.

రెండో దెబ్బ నవంబరు నడిమిలో పడింది. 18న లదాఖ్‌లో రెజాంగ్ లా దగ్గర మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వాన కుమావూన్ కంపెనీ తూటాలు అయిపోయేదాకా పోరాడి, దాదాపు అందరూ నేలకొరిగారు. అదే రోజు తూర్పున సే లా అనే కొండ కోట, యుద్ధం సరిగా మొదలవకముందే ఖాళీ అయింది. 19కి బొమ్‌డిలా పోయింది. అస్సాం మైదానంలో ఇక అడ్డేమీ లేదు.

తేజ్‌పూర్ ఊరు ఊరంతా బ్రహ్మపుత్ర దాటడానికి రేవుకు పరిగెత్తింది. అధికారులు ముందే వెళ్లిపోయారు. బ్యాంకులో నోట్లు తగలబెట్టారు, చిల్లర నాణేలు చెరువులో గుమ్మరించారు. జైలు తలుపులు తీశారు. పిచ్చాసుపత్రి రోగులను వదిలేశారు. నిర్మానుష్యమైన బజార్లలో వాళ్లు తిరుగుతుంటే, ఊళ్లో ఉండిపోయిన కొద్దిమంది తలుపుల సందుల్లోంచి చూశారు. ఆ రాత్రుల్లోనే నెహ్రూ రేడియోలో మాట్లాడుతూ అస్సాం ప్రజల కోసం తన గుండె కొట్టుకుంటోందని అన్నారు. ధైర్యం చెప్పాలనే అన్నారు. అక్కడివాళ్లకు అది వీడ్కోలులా వినిపించింది. అరవై ఏళ్లు దాటినా అస్సాం ఆ మాట మరిచిపోలేదు.

నవంబరు 19న ఆయన కెనెడీకి రెండు ఉత్తరాలు రాశారు, పన్నెండు స్క్వాడ్రన్ల యుద్ధవిమానాలు కావాలని. ఏ కూటమిలోనూ చేరనని జీవితమంతా చెప్పిన మనిషి రాసిన ఉత్తరాలవి. 21న చైనా తనంతట తానే కాల్పులు ఆపేసింది, నేఫాలో గెలిచిన నేలంతా వదిలి వెనక్కి పోయింది. ఓడించడం కన్నా అలా వదిలేసి పోవడమే ఆయన్ని ఎక్కువ కుంగదీసిందనిపిస్తుంది. మనకు 1,383 మంది చనిపోయినట్టు లెక్క తేలింది, ఆచూకీ లేనివాళ్లు మరో 1,696 మంది.

సైన్యాధిపతి థాపర్ దిగిపోయారు. ఆ కుర్చీలోకి వచ్చింది జె.ఎన్. చౌధురి, 1948లో హైదరాబాద్‌లోకి సైన్యాన్ని నడిపించిన జనరల్. కమ్యూనిస్టులు రెండుగా చీలడం మొదలైంది. సుందరయ్య వంటివాళ్లు జైలుకెళ్లారు. చైనా విషయంలో ఎవరేమన్నారన్నది ఆ చీలికలో లోపలి మంటల్లో ఒకటి. 1964 జూలైలో తెనాలిలో వామపక్షం వేరు కుంపటికి నాంది పలికింది.

1963 ఆగస్టులో లోక్‌సభ చరిత్రలో మొదటి అవిశ్వాస తీర్మానం వచ్చింది. పెట్టినవాడు కృపలానీ. ఉత్తర బొంబాయిలో ఓడి, అమ్రోహా ఉప ఎన్నికలో గెలిచి తిరిగి వచ్చాడు. తీర్మానానికి 62 ఓట్లే, వ్యతిరేకంగా 347. అంకెల్లో నెహ్రూ గెలిచారు. సభలో కూర్చున్న ఆయన మొహం మాత్రం అప్పటికే వాడిపోయిందని చూసినవాళ్లు రాశారు. 1964 జనవరిలో భువనేశ్వర్ కాంగ్రెస్ సభల్లో పక్షవాతం తాకింది. మే 27 మధ్యాహ్నం తన నివాసం తీన్‌మూర్తి భవన్‌లో కన్నుమూశారు.

ఓటమికి కారణాలు వెతకమని లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్‌కూ, బ్రిగేడియర్ భగత్‌కూ అప్పట్లోనే సైన్యం అప్పగించింది. వాళ్లు 1963లో నివేదిక ఇచ్చారు. దానిలో కొంత 2014లో నెవిల్ మాక్స్‌వెల్ అనే విదేశీ పత్రికా రచయిత బయటపెట్టాడు. ఎన్ని పార్టీలు ఢిల్లీలో గద్దెనెక్కినా ప్రభుత్వం తనంతట తాను ఒక్క పేజీ కూడా ఇవ్వలేదు. నమ్‌కా ఛూ ఒడ్డున పోయినవాళ్ల పిల్లలు కూడా ఇప్పుడు ముసలివాళ్లయ్యారు. వాళ్లుండగానే ఆ నివేదికను పూర్తిగా అచ్చువేయాలి.